గ్యాస్కెట్ కొత్తది వేసినా రెండు నెలలకే ఎందుకు పోయింది? అల్యూమినియం హెడ్ బిగించే పద్ధతి

నా చేతిలో ఉన్నది చూస్తున్నారా? మా నాన్న కారులోంచి తీసిన హెడ్ గ్యాస్కెట్. రెండు సిలిండర్ల మధ్య ఈ సన్నటి పట్టీ ఉంది కదా, అది కాలి తెగిపోయింది. గ్యాస్కెట్ రేటు పెద్దగా ఏం లేదు. కానీ హెడ్ విప్పి బిగించే కూలీ మాత్రం మేం రెండుసార్లు కట్టాం.

ఏం జరిగిందంటే, సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లింది. "ఆపుదాం నాన్నా" అన్నా. "ఇంకో పది కిలోమీటర్లేరా, పోదాం" అన్నారు. పోయాం. గ్యాస్కెట్టూ పోయింది. మెకానిక్ అన్న కొత్తది వేసిచ్చాడు. రెండు నెలలకి రేడియేటర్‌లో మళ్లీ బుడగలు! సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ చేయకుండా సర్వర్ రీస్టార్ట్ చేశాం అంతే.

అసలు బగ్ ఎక్కడుందో చూద్దాం. చాలా కార్లలో కింద బ్లాక్ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. మధ్యలో ఈ గ్యాస్కెట్ సిలిండర్‌లో మండే గ్యాస్‌నీ, ఆయిల్‌నీ, కూలెంట్‌నీ ఒకదాంతో ఒకటి కలవకుండా ఆపాలి. ఇంజిన్ వేడెక్కితే అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్ 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బ్లాక్ పెరిగేది 0.33 దగ్గర. అంటే ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ గ్యాస్కెట్ మీద ఈ రెండూ అటూ ఇటూ రుద్దుకుంటాయి. ఓవర్‌హీట్ అయితే ఇంకా దారుణం. బోల్ట్‌లు పట్టేసి ఉండటం వల్ల సాగడానికి చోటు లేక హెడ్ వంగిపోతుంది. మాకు జరిగింది అదే. వంగిన హెడ్ కింద ఎంత మంచి గ్యాస్కెట్ పెట్టినా నిలవదు.

సో, ఏ గ్యాస్కెట్ కొనాలి? ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కాంపోజిట్. మధ్యలో లోహపు రేకు, దానికి రెండు పక్కలా గ్రాఫైట్ లాంటి మెత్తటి పదార్థం. నొక్కితే అణుగుతుంది, చిన్న చిన్న గరుకుల్ని కప్పేస్తుంది. రెండోది ఎంఎల్ఎస్, అంటే మల్టీ లేయర్ స్టీల్. పలచటి స్టీల్ రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, రంధ్రాల చుట్టూ ఉబ్బెత్తు గీతలుంటాయి. అవి స్ప్రింగ్‌లా పనిచేస్తాయి. హెడ్ కదిలినా సీల్ వదలదు కాబట్టి ఇప్పటి ఇంజిన్లలో ఎక్కువగా ఇదే. కానీ దీనికి చాలా నున్నటి ఫేస్ కావాలి. పాత గరుకు ఫేస్ మీద ఖరీదైన ఎంఎల్ఎస్ వేసినా లీకే. మీ ఇంజిన్‌కి కంపెనీ ఏ రకం ఇచ్చిందో అదే తీసుకోవడం సేఫ్.

మందం కూడా చూడాలి. 70 మిల్లీమీటర్ల బోర్, 72 స్ట్రోక్ ఉన్న ఇంజిన్ అనుకోండి. కంప్రెషన్ రేషియో 9.5. గ్యాస్కెట్ అర మిల్లీమీటర్ మందం పెరిగితే అది దాదాపు 9కి పడిపోతుంది, పికప్ తగ్గుతుంది. హెడ్‌ని లేత్ షాపులో ఎక్కువ కోయిస్తే దీనికి రివర్స్: రేషియో పెరిగి ఇంజిన్ నాక్ కొట్టొచ్చు. డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ బ్లాక్ పైకి ఎంత వస్తుందో కొలిచి, దాన్ని బట్టి మందం ఎంచుకుంటారు. చాలా డీజిల్ గ్యాస్కెట్ల అంచు మీద కనిపించే గాట్లు, రంధ్రాలు ఆ మందం గుర్తులే.

ఇప్పుడు బిగించడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ విప్పాలి, అదీ బయటి బోల్ట్‌ల నుంచి లోపలికి. తర్వాత ఫేస్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. పొడవుగా, అడ్డంగా, రెండు మూలల మీదుగా కూడా. చాలా ఇంజిన్లకి లిమిట్ 0.05 మిల్లీమీటర్ దగ్గర్లో ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఫైనల్. మా హెడ్‌కి ఈ చెకింగే జరగలేదు.

పాత గ్యాస్కెట్ ముక్కల్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాలి. గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ పెట్టి రుద్దితే అల్యూమినియం గుంటలు పడుతుంది. ఆ పొడి ఆయిల్‌లోకి దిగితే బేరింగులు పోతాయి. బ్లాక్‌లో బోల్ట్ రంధ్రాలు కూడా శుభ్రంగా, పొడిగా ఉండాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ గానీ నీళ్లు గానీ నిలిస్తే, బోల్ట్ దిగేటప్పుడు అవి పోవడానికి దారి లేక బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది.

బిగింపు ఎప్పుడూ మధ్య బోల్ట్‌తో మొదలై బయటికి వెళ్లాలి. ఒకేసారి కాదు, రెండు మూడు రౌండ్లలో, టార్క్ రెంచ్‌తో. కొన్ని బోల్ట్‌లకి చివర్లో ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఉంటుంది. అలాంటివి చాలావరకు సాగే రకం, ఒకసారి వాడితే మళ్లీ పనికిరావు. "చేతికి తెలుస్తుంది తమ్ముడూ" అంటే నమ్మకండి. మాన్యువల్ చెప్పకపోతే గ్యాస్కెట్‌కి సిలికాన్ పేస్ట్ కూడా పూయకండి.

చివరికి రేడియేటర్‌లో బోర్ నీళ్లు పోయకుండా సరైన కూలెంట్ పోయండి. బోర్ నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. ఓవర్‌హీట్‌కి అసలు కారణం కూడా వెతకాలి. మాకైతే థర్మోస్టాట్ ఇరుక్కుపోయింది. అది మార్చి, హెడ్ ఫేసింగ్ చేయించాకే కారు నిలబడింది.

షెడ్డుకి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి: హెడ్ ఫ్లాట్‌గా ఉందో లేదో కొలిచారా? బోల్ట్‌లు కొత్తవేనా? ఎందుకు వేడెక్కిందో తేలిందా? సమాధానం రాకపోతే డబ్బు కట్టే ముందు ఆగండి.

ముల్లు పైకెక్కితే మాత్రం బండి పక్కకి తీసి ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. మా నాన్న ఇప్పుడు నాకంటే ముందే ఆపుతున్నారు. సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.