అగ్నిపర్వతాల మధ్య సైకిల్ దారి: అపోహలు – వాస్తవాలు

స్పెయిన్‌లో బార్సిలోనాకు ఉత్తరంగా, పిరనీస్ పర్వతాలకు కాస్త ఇవతల గరోచా అనే చిన్న ప్రాంతం ఉంది. దాదాపు 40 అగ్నిపర్వతాలు అక్కడ పచ్చటి గుట్టల్లా నిలబడి ఉంటాయి. వాటి పక్కన ఒలోట్ పట్టణంలో బయల్దేరి జిరోనా నగరం దాకా సుమారు 55 కిలోమీటర్ల కంకర దారి సాగుతుంది. దాదాపు దారంతా కార్లు, లారీలు, మోటారు సైకిళ్లు తిరగవు. యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు సెలవులకు బార్సిలోనా వస్తారు. చర్చి, సముద్రతీరం చూసుకుని వెనక్కి వెళ్లిపోతారు. ఈ దారి సంగతి చెబితే ‘కొండలు, పైగా అగ్నిపర్వతాలు, అదీ సైకిల్ మీద! మన వల్ల ఎక్కడవుతుంది?’ అంటారు. ఈ భయంలో చాలా భాగం వినికిడి మీద పుట్టిందే. అందుకే ఒక్కొక్కటీ విప్పి చెబుతాను.

అపోహ: అగ్నిపర్వత ప్రాంతమంటే నల్లటి బండలు, చెట్టూ చేమా లేని ఎడారి.

సినిమాల్లో, వార్తల్లో చూసిన ఐస్‌లాండ్, హవాయి దృశ్యాలే మన మనసులో ముద్ర పడ్డాయి. గరోచా దానికి పూర్తిగా వేరు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ‘ఒలోట్‌లో వాన లేదంటే ఇంకెక్కడా లేనట్టే’ అని అక్కడివాళ్ల సామెత. క్రోస్కాట్ అనే అగ్నిపర్వతం నుంచి పారిన లావా మీద ఇప్పుడు ఫజేదా దెన్ జోర్దా అనే దట్టమైన అడవి ఉంది. చల్లటి ఎత్తుల్లో పెరిగే బీచ్ జాతి చెట్లు ఇక్కడ సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తులోనే గుంపులుగా పెరిగాయి. ఆ అడవిలో నేల ఎక్కడా చదునుగా ఉండదు. పారుతున్న లావా తడి నేలను కప్పేసినప్పుడు కింద చిక్కుకున్న నీటి ఆవిరి పైకి తన్నడంతో గుట్టలు లేచాయి. కొన్ని 20 మీటర్ల ఎత్తు ఉంటాయి. వాటి మీద నాచు, నాచు మీద రాలిన ఆకులు. అక్కడ నిలబడితే అది లావా అని ఎవరో చెప్పాల్సిందే తప్ప మనకై మనకు తట్టదు.

నిజానికి ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతి కాకూడదు. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు నేల కింద ఉన్న నల్లరాయి దక్కన్ లావాయే. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో బయటపడేదీ ఆ కాలపు లావాయే. పత్తి పండించే నల్లరేగడి అలాంటి రాయి చివికి పుట్టిన మట్టే.

అపోహ: అగ్నిపర్వతపు మట్టి వానలో బురదై చక్రానికి పట్టేస్తుంది.

నల్లరేగడిలో సైకిల్ తోసినవాళ్లకు ఈ అనుమానం రావడం న్యాయమే. చక్రానికీ ఫోర్కుకీ మధ్య మట్టి ముద్ద ఇరుక్కుని బండి కదలదు. అయితే నల్లరేగడి రాయి పూర్తిగా చివికి మారిన బంకమట్టి. గరోచాలో అగ్నిపర్వతాల చుట్టూ ఉన్నది ఇంకా మట్టిగా మారని రాతిరవ్వ. విస్ఫోటనంలో గాల్లోకి ఎగిరి, చల్లబడి రాలిన బఠాణీ, శనగ గింజలంత పలుకులు. స్థానికులు దాన్ని గ్రెదా అంటారు. అరచేతిలోకి తీసుకుంటే రాయి ఇంత తేలికా అనిపిస్తుంది. దగ్గరగా పెట్టి చూస్తే ఒళ్లంతా గాలిబుడగల చిల్లులు. నీరు నిలవకుండా ఆ సందుల్లోంచి కిందికి దిగిపోతుంది.

ఇది కళ్లారా చూడాలంటే క్రోస్కాట్ దగ్గరకు వెళ్లాలి. కట్టడాల కోసం దశాబ్దాల పాటు ఆ కొండను ఒక పక్క నుంచి తవ్వుకుపోయారు. జనం గట్టిగా వ్యతిరేకించడంతో 1990ల తొలినాళ్లకు తవ్వకం ఆగింది. కొండకు అది తీరని గాయమే. కానీ ఆ కోతలో అగ్నిపర్వతం లోపలి పొరలన్నీ బయటపడ్డాయి. అంచుల్లో బొగ్గు నలుపు, లోపలికి వెళ్లేకొద్దీ ఇటుక ఎరుపు. వేడి ఎక్కువగా ఉన్న చోట రాతిలోని ఇనుము గాలి తగిలి తుప్పెక్కడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. గరోచా వెళ్లి ఈ కోతను చూడకుండా రావద్దు.

అపోహ: కొండ ప్రాంతం కాబట్టి అంతా ఎక్కుడే.

ఎక్కువమందిని ఆపేసేది ఇదే. ఈ దారి వేసింది సైకిళ్ల కోసం కాదు, రైలు కోసం. పట్టాల మధ్య 750 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న బుల్లి ఆవిరి రైలు ఇది. దాన్ని కార్రిలెట్ అని ముద్దుగా పిలుచుకునేవారు. జిరోనా వైపు నుంచి 1895లో నడవడం మొదలై, కొండలు దాటుకుని 1911కి ఒలోట్ చేరింది. 1969లో ఆగిపోయింది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. వాలు కాస్త ఎక్కువైతే బండి జారుతుంది. అందుకే ఆనాటి ఇంజనీర్లు కొండ అడ్డొస్తే చుట్టు తిరిగి, వాగు అడ్డొస్తే వంతెన కట్టి, వాలు పెరగకుండా దారిని మలిచారు. వాళ్లు అప్పుడు రైలు కోసం పడ్డ కష్టం ఈ రోజు మన మోకాళ్లను కాపాడుతోంది. వాలు చాలాచోట్ల రెండు మూడు శాతానికి మించదు.

పట్టాలు తీసేశాక ఆ నేలను ముక్కలు చేసి అమ్మేయకుండా అలాగే ఉంచడం అసలు విషయం. పాత రైలుదారులను నడకకు, సైకిళ్లకు ఇచ్చే కార్యక్రమం స్పెయిన్‌లో 1993లో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా 3,000 కిలోమీటర్లకు పైగా ఇలాంటి దారులున్నాయి. ట్రాఫిక్ లేని దారి ప్రకృతి ఇచ్చిన వరం అనుకుంటాం. కాదు, ఎవరో పట్టుబట్టి కాపాడితేనే అది మిగులుతుంది.

వాలు తక్కువని విన్నాక ఇంకో పొరపాటు వస్తుంది: ఒలోట్‌లో ఎక్కితే జిరోనా దాకా అంతా దిగుడే అని. ఒలోట్ 440 మీటర్ల ఎత్తున ఉంటుంది, జిరోనా 70 మీటర్ల దగ్గర. లెక్క చూస్తే దిగుడే. కానీ మధ్యలో కోల్ దెన్ బాస్ అనే కనుమ 600 మీటర్లు దాటి ఉంటుంది. అంటే బయల్దేరిన కాసేపటికే సన్నగా, విడవకుండా ఓ ఎక్కుడు తగులుతుంది. అది దాటాక సంత్ ఫెలియూ దె పల్లెరోల్స్, లెస్ ప్లానెస్, అమెర్ ఊళ్ల మీదుగా హాయిగా దిగిపోవచ్చు. అదే జిరోనా నుంచి ఎదురు వస్తే పొద్దంతా కొంచెం కొంచెంగా ఎక్కాల్సిందే. కాళ్లకు అలవాటు లేనివాళ్లు మొత్తం దూరం తొక్కదలిస్తే ఒలోట్ నుంచే బయల్దేరడం మేలు.

అపోహ: కంకర మీద తొక్కాలంటే ఖరీదైన ప్రత్యేక సైకిల్ కావాలి, టైరులో గాలి గట్టిగా ఉండాలి.

ఈ దారికి 38, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిల్ చాలు. గాలి సంగతికొస్తే, టైరు రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టించడం మనకు అలవాటు. నున్నటి తారు మీద అది కొంతవరకు పనికొస్తుంది. కంకర మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి సైకిల్‌నూ మనిషినీ పైకి ఎగరేయడంలో ఖర్చవుతుంది. కాస్త మెత్తగా ఉన్న టైరు ఆ రాయిని తనలోకి అదుముకుని దొర్లిపోతుంది. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 35 – 40 పీఎస్ఐ సరిపోతుంది. గాలి తర్వాత చూసుకోవాల్సింది బ్రేకు. వంపుల్లో జారి పడేవాళ్లలో చాలామంది తిరుగుతూ తిరుగుతూ ముందు బ్రేకు పట్టేసినవాళ్లే. వేగం వంపుకు ముందే తగ్గించుకోవాలి. డబ్బులు పెట్టి కొనేదానికన్నా ఈ రెండు అలవాట్లు ఎక్కువ కాపాడతాయి.

అపోహ: వాహనాలు లేవు కాబట్టి జాగ్రత్త అక్కర్లేదు, ఎక్కడికైనా తొక్కుకుంటూ పోవచ్చు.

దారి అక్కడక్కడా మామూలు రోడ్లను దాటుతుంది, ఊళ్లలో వీధుల గుండా సాగుతుంది. ఆ చోట్ల కార్లుంటాయి. మిగతా దారి పొడవునా పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలతో షికారుకొచ్చినవాళ్లు ఎదురవుతారు. నడిచేవాళ్లకు ముందు దారి ఇవ్వాలి. గంట లేకుండా వెనక నుంచి దూసుకురావడం మర్యాద కాదు. ఈ ప్రాంతానికి 1982లోనే చట్టరక్షణ వచ్చింది, ఇప్పుడది సహజ ఉద్యానం. అందులోని నడకదారుల్లో చాలావాటి మీద సైకిళ్లకు అనుమతి లేదు. సాంతా మార్గరీదా అగ్నిపర్వతం నోట్లో గుండ్రటి పచ్చిక బయలు, దాని నడుమ చిన్న గుడిలాంటి ప్రార్థనా మందిరం ఉన్నాయి. సైకిల్ కింద నిలిపి నడిచి వెళ్లండి. చక్రాల కింద ఒకసారి కోసుకుపోయిన రాతిరవ్వ మళ్లీ కుదురుకోవడం కష్టం.

అపోహ: ఆ అగ్నిపర్వతాలు ఎప్పుడైనా పేలవచ్చు, పూర్వం ఒలోట్ ఊరిని కూల్చింది కూడా అవే.

చివరి విస్ఫోటనం జరిగి వేల ఏళ్లు దాటింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతాన్ని పూర్తిగా చల్లారిపోయినదిగా లెక్కకట్టరు, నిద్రలో ఉన్నదనే అంటారు. రేపో ఎల్లుండో పేలే సూచనలేవీ లేవు. ఇక 1427, 1428ల్లో వచ్చిన వరుస భూకంపాల్లో ఒలోట్ నేలమట్టమైన మాట నిజం. అవి పిరనీస్ ప్రాంతంలో భూఫలకాల కదలిక వల్ల, భ్రంశాల వెంట వచ్చిన భూకంపాలు. అగ్నిపర్వతాలకు వాటిలో పాత్ర లేదు.

అపోహ: గ్రావెల్ సైక్లింగ్, అంటే కంకర దారుల మీద తొక్కడం, కొత్త ఫ్యాషన్, పోటీల కుర్రాళ్లకే.

పోటీలున్నాయి, నిజమే. అమెరికాలోని కాన్సస్‌లో 2006లో మొదలైన పందెం ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. ప్రపంచ చాంపియన్‌షిప్ 2022లో మొదలైంది. కానీ 1910లో టూర్ డి ఫ్రాన్స్ తొలిసారి పిరనీస్ పెద్ద కనుమలు ఎక్కినప్పుడు అక్కడ ఉన్నవి మట్టిదారులే. కంకర మీద తొక్కడమే పాత పద్ధతి, తారు తర్వాత వచ్చింది.

వెళ్లాలనుకుంటే ఆగస్టు ఎండ వదిలేసి, బీచ్ ఆకులు రంగు మారే అక్టోబరు చివర్లో వెళ్లండి. బార్సిలోనా నుంచి జిరోనాకు రైలుంది. జిరోనాలో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. మొదటిసారే మొత్తం దూరం పెట్టుకోకండి. జిరోనా నుంచి అమెర్ దాకా వెళ్లి రండి, నచ్చితే మర్నాడు ఒలోట్ వైపు చూడవచ్చు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.