లింగవికాస భేదాలు: శిశు, కౌమార పరీక్షలో మాట పాత్ర

1. ప్రవేశిక:
జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్టప్రాంత పట్టణాల్లో కాన్పుగది తలుపు తెరుచుకోగానే బంధువులు అడిగే తొలి ప్రశ్న “ఆడా, మగా?”. జననాంగాల రూపాన్ని బట్టి వెంటనే చెప్పలేని సందర్భంలో తొందరపాటు జవాబు ఆ శిశువును జీవితాంతం వెంటాడవచ్చు. క్రోమోజోములు, బీజగ్రంథులు, జననాంగాలలో ఏదైనా సాధారణ వికాసానికి భిన్నంగా ఉండే స్థితులే లింగవికాస భేదాలు. “నపుంసకం” వంటి మాటలు వీటిని వివరించవు, అవమానిస్తాయి. 2005లో షికాగోలో సమావేశమైన నిపుణులు ఇంగ్లీషులోనూ ఇటువంటి పాత పదాలను విడిచిపెట్టాలని సూచించారు. ఆ పత్రం 2006లో వెలువడింది. వైద్యపరీక్షలో మాట కూడా భాగమేనని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శిశుదశ:
“పాప”, “బాబు” అనే పదాలు లింగాన్ని ముందే నిర్ణయిస్తాయి. “బిడ్డ” తటస్థపదమే అయినా, పొరుగున ఉన్న తెలంగాణలో దానికి కూతురనే అర్థం ఉంది. కనుక సరిహద్దు పట్టణమైన జగ్గయ్యపేటలో “పసికందు” అనడం మేలు.
వైద్యులు బీజగ్రంథులు చేతికి తగులుతున్నాయా, మూత్రద్వారం ఎక్కడుంది అని మొదట చూస్తారు. మగశిశువుగా కనిపిస్తున్నా రెండు వృషణాలూ తగలకపోతే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియాను శంకించాలి. ఇందులో లవణం కోల్పోయే రకం తొలి కొద్ది వారాల్లోనే ప్రాణాపాయం తేగలదు. క్రోమోజోముల ఫలితానికి రోజులు పట్టినా, సోడియం, పొటాషియం పరిశీలన ఆగరాదు. 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పరీక్ష, అల్ట్రాసౌండ్ కూడా అవసరం.
సంబంధిత జన్యులోపాన్ని తల్లిదండ్రులిద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ శిశువుకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఇద్దరూ మోసే అవకాశం పెరుగుతుంది. అందుచేత “మీది మేనరికమా? పసితనంలో పోయిన పిల్లలున్నారా?” అనే ప్రశ్నలు నిందలా వినిపించకూడదు.

3. కౌమారదశ:
ఇక్కడ ఆటంకం తొందరపాటు కాదు, మౌనం. “ఇంకా పెద్దమనిషి కాలేదు” అన్న మాట ఇల్లు దాటదు. 13 ఏళ్లకు రొమ్ముల పెరుగుదల మొదలుకాకపోయినా, 15 ఏళ్లకు రజస్వల కాకపోయినా పరీక్ష చేయించాలి. ఆడపిల్ల గొంతు మగగొంతుగా మారడం, గజ్జల్లో హెర్నియా కూడా సూచనలే. అయితే ఆలస్యమంతా లింగవికాస భేదం కాదు. పోషకాహార లోపం, థైరాయిడ్ సమస్య కూడా కారణాలు కావచ్చు. పరీక్ష ఏకాంతంగా, పిల్లల సమ్మతితో జరగాలి.

4. ముగింపు:
శిశువులకు ప్రాణావసరం లేని లింగ శస్త్రచికిత్సలు చేయరాదని 2019లో మద్రాసు హైకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. పరీక్ష ఉద్దేశం స్థితిని తెలుసుకోవడం, ప్రాణం కాపాడడం. ఆ తీరిక లభించాలంటే విజయవాడకు పంపే చీటీలో “లింగం: పరీక్షల అనంతరం” అని రాయగలగాలి. కాన్పుగది ముందు నిలుచున్న అమ్మమ్మతో “పసికందును చూసుకుంటున్నాం, ఆడో మగో పరీక్షలయ్యాక చెబుతాం” అనగలగాలి. అటువంటి వాడుకను స్థిరపరచడం తెలుగు శాఖలు చేయదగిన పని.