మంచి చేతిని కట్టేస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందా?

మన ఇళ్ళల్లో ఎవరికైనా పక్షవాతం వస్తే ఏం చేస్తాం? అన్నం కలిపి పెడతాం, చొక్కా గుండీలు మనమే పెట్టేస్తాం, "నీకెందుకు నాన్నా కష్టం, ఆ రెండో చేత్తో కానిచ్చెయ్" అంటాం. ప్రేమే, కాదనట్లేదు. కానీ ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ పరిశోధన చూస్తే, పడిపోయిన చేతికి ఆ సౌకర్యమే అడ్డం అనిపిస్తుంది.

ఇది కోతులతో మొదలైంది. చేతి నుంచి మెదడుకి స్పర్శ తీసుకెళ్ళే నరాలను వెన్నుపాము దగ్గర కట్ చేస్తారు. కదలమని ఆర్డర్ తెచ్చే నరాలు మాత్రం బాగానే ఉంటాయి. అయినా కోతి ఆ చెయ్యి వాడదు. స్పర్శ లేకపోతే కదలికే ఉండదని 1895 లో మాట్, షెరింగ్టన్ చెప్పారు, అందరూ అదే నమ్మారు. టాబ్ ఏం చేశారంటే, మంచి చేతిని కట్టేశారు. కొన్నాళ్ళకి కోతి "పనికిరాని" చేత్తో తిండి అందుకుంది!

మరి అన్నాళ్ళూ ఎందుకు వాడలేదు? ఆపరేషన్ అయిన కొత్తలో ఆ చెయ్యి నిజంగానే కదలదు. ప్రయత్నించిన ప్రతిసారీ ఫెయిల్. పక్క చేత్తో పని అయిపోతుంది. తర్వాత నరాలు తేరుకున్నా అలవాటు మారదు. దీన్నే ఆయన 'లెర్న్‌డ్ నాన్‌యూజ్' అన్నారు, అంటే వాడకపోవడాన్ని నేర్చుకోవడం. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈజీగా అర్థమవుతుంది: ఒక సర్వర్ డౌన్ అయితే ట్రాఫిక్ అంతా పక్క సర్వర్‌కి తిప్పేస్తాం. అది మళ్ళీ లేచినా, ఎవరూ చెక్ చేయకపోతే ఒక్క రిక్వెస్ట్ కూడా దానికి వెళ్ళదు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 1981 లో మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఆయన ల్యాబ్ మీద పోలీసులు రైడ్ చేసి 17 కోతుల్ని తీసుకెళ్ళారు. వాటికి సరైన వైద్యం అందలేదని కోర్టు ఆయన్ని దోషి అంది. ఫెడరల్ నిధులతో నడిచే పరిశోధనకి ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 1983 లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. గమనించండి, కోతుల్ని బాగా చూసుకున్నారని ఆ కోర్టు అనలేదు. ఈ థెరపీ వల్ల మేలు జరిగినంత మాత్రాన ఆ ప్రశ్న పోదని నా అభిప్రాయం.

1986 లో ఆయన బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీకి వెళ్ళి మనుషుల మీద దృష్టి పెట్టారు. మంచి చేతికి మెత్తటి గ్లౌజ్ తొడిగి, బలహీనమైన చేత్తో గంటల తరబడి పని చేయిస్తారు. పని కొంచెం కొంచెంగా కష్టం చేస్తారు. అసలు కీలకం ఇంటి దగ్గరే: ఏ పని ఏ చేత్తో చెయ్యాలో పేషెంట్‌తో ఒప్పందం రాయించుకుని, బ్రష్ చేశారా, తలుపు తీశారా అని ఒక్కొక్కటే అడుగుతారు. క్లినిక్‌లో చెయ్యి కదలడం వేరు, ఇంట్లో వాడటం వేరు కదా!

2006 లో స్టీవెన్ వుల్ఫ్ బృందం ఎక్సైట్ ట్రయల్ ఫలితాలు ఇచ్చింది. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది. 2 వారాల ట్రైనింగ్, మేలుకున్న సమయంలో 90 శాతం గ్లౌజ్ టార్గెట్. మామూలు చికిత్స వాళ్ళకంటే వీళ్ళ చెయ్యి బాగా మెరుగైంది, ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది.

అలాగని వీడియో ఆపేసి నాన్నగారి చెయ్యి కట్టేయకండి, ప్లీజ్. పూర్తిగా చచ్చుబడిన చేతికి ఇది పనికిరాదు. ఆ ట్రయల్‌లో చేరాలంటే మణికట్టు, వేళ్ళు కాస్తయినా సొంతంగా లేవాలి, మణికట్టు కనీసం 10 డిగ్రీలు. స్ట్రోక్ వచ్చిన తొలి రోజుల్లో మరీ ఎక్కువ చేయించడం కూడా తప్పే: 2009 నాటి వెక్టర్స్ ట్రయల్‌లో ఎక్కువ డోస్ ఇచ్చిన వాళ్ళే 90 రోజులకి వెనకబడ్డారు. నడకలో తూలేవాళ్ళకి పట్టుకోవడానికి మంచి చెయ్యి ఖాళీగా ఉండాలి. కాబట్టి ముందు ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి: "మా నాన్న మణికట్టు ఎంత లేస్తోంది, రోజూ ఏ పనులు ఆ చేత్తోనే చేయించమంటారు?"