మగ్గం ఎరుగని వస్త్రం

1986 ఏప్రిల్ 26వ తేదీ. అర్ధరాత్రి దాటిన వేళ నాటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగవ రియాక్టరు పేలిపోయింది. తరువాతి రోజులలో శిథిలాలను తొలగించడానికి వెళ్ళినవారిలో ఎందరో ముక్కుకూ నోటికీ పలుచని తెల్లని తొడుగులు కట్టుకున్నారు. వాటి పేరు ‘లెపెస్తోక్’. రష్యన్ భాషలో ఆ మాటకు పూరేకు అని అర్థం. ఆ పూరేకు గామా కిరణాలను ఆపలేదు. ఆవిరి రూపంలోని అయొడిన్‌నూ ఆపలేదు. కాని రేడియోధార్మిక ధూళి ఊపిరితిత్తులలోకి పోకుండా అడ్డు నిలిచింది.

ఈ పూరేకులోని వడపోత వస్త్రానికి పడుగు లేదు, పేక లేదు. దానిని వడికినది రాట్నం కాదు, విద్యుత్తు!

రుద్దిన తృణమణిని దగ్గరకు తెస్తే నీటిబొట్టు శంకువులా పైకి సాగుతుందని 1600లోనే ఇంగ్లండుకు చెందిన విలియం గిల్బర్ట్ గమనించాడు. ఈ విద్యకు మూలం అదే. పాలిమరును ద్రావకంలో కరిగించి, చిక్కని పాకంలా చేసి, సన్నని సూది గుండా మెల్లగా నెడతారు. సూదికీ, జానెడు దూరంలోని లోహపు పలకకూ మధ్య పది, ఇరవై వేల వోల్టుల విద్యుత్తు కల్పిస్తారు. సూది మొనన నిలిచిన బొట్టును తలతన్యత గుండ్రంగా పట్టి ఉంచజూస్తుంది. విద్యుదావేశం దానిని పలకవైపు లాగుతుంది. ఆవేశానిది పైచేయి అయిన క్షణాన బొట్టు శంకువై, దాని కొననుండి సన్నని ధార వెలువడుతుంది. ఈ శంకువు గణితాన్ని 1964లో జెఫ్రీ టేలర్ వివరించాడు. ధార కొరడాలా మెలికలు తిరుగుతూ సాగుతుంది. ద్రావకం దారిలోనే ఆవిరైపోతుంది. పలకను చేరేది పొడి పోగు మాత్రమే. అది తల వెంట్రుకలో నూరవ వంతుకన్న సన్నంగా ఉండవచ్చు. పోగుమీద పోగు పడి వస్త్రమవుతుంది.

ఇది జల్లెడవలె పనిచేస్తుందనుకుంటే పొరపాటు. పోగుల నడుమ ఖాళీ చాలా ఉంటుంది, కనుక ఊపిరి సులభంగా ఆడుతుంది. ధూళికణాలు మాత్రం ఆ చిక్కుదారిలో ఏదో ఒక పోగుకు తగిలి అంటుకుపోతాయి. పోగులలో మిగిలిన విద్యుదావేశం కూడ వాటిని లాగి పట్టుకుంటుంది.

1934లో ఆంటన్ ఫార్మ్‌హల్స్ ఈ పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందాడు. 1938లో మాస్కోలోని కార్పోవ్ సంస్థలో నతాల్యా రోజెన్‌బ్లూమ్, ఇగోర్ పెత్ర్యానొవ్-సొకొలొవ్ దీనితో వడపోత పొరలు తయారుచేశారు. మరుసటి ఏటికే కలీనిన్ నగరంలో, అంటే నేటి ట్వేర్‌లో, సైనికుల గ్యాస్ మాస్కుల కోసం కర్మాగారం వెలసింది.

అయితే ఒక్క సూదితో గంటసేపు వడికినా చేతికి వచ్చే పోగు బహుస్వల్పం. ఈ శతాబ్దారంభంలో చెక్ దేశపు లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం సూదినే తీసివేసింది. ద్రావణంలో సగం మునిగి తిరిగే రోలరు పైనుండి ఒకేసారి అసంఖ్యాకమైన ధారలు లేచాయి. ఆనాటి నుండి ఈ వస్త్రం గజాలకొద్దీ తయారవుతున్నది.

యుద్ధభూమిలో విషధూమం కోసం పుట్టిన పొర, సగం శతాబ్దానికి మరొక ఆపదలో అక్కరకు వచ్చింది. కంటికి ఆనని పోగుకు మనిషి తన ఊపిరిని అప్పగించాడు. ధూళి వరకు అది మాట నిలబెట్టుకున్నది.