జీపు కింద తిరిగే క్రాసు

"అంకుల్, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందితే ఇంకా మంచిదే కదా? మరి రోడ్డు మీద ఆ లివర్ వేయొద్దని ఎందుకంటారు?"

పోచారంలో మా వీధిలో ఉండే డిప్లొమా కుర్రాడి ప్రశ్న ఇది. నేను ఈమధ్య కొన్న పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు చుట్టూ తిరుగుతూ అడిగాడు. ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే, జీపు మోస్తున్న చెడ్డపేరులో సగం దానిది కాదని తేలిపోతుంది. ఆ పేరు చిన్నదేమీ కాదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ షెడ్డులో అడిగినా ఒకటే మాట: గేర్‌బాక్సు అరుస్తుంది, స్టీరింగ్ వణుకుతుంది, షాఫ్టు కొట్టుకుంటుంది, ఇల్లు గుల్ల చేస్తుంది.

జీపుకు గేర్‌బాక్సు వెనకాల ఇంకో పెట్టె ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. గేర్‌బాక్సు నుంచి వచ్చిన బలాన్ని అది రెండు పాయలు చేసి ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి పంపుతుంది. మామూలుగా వెనక పాయ ఒక్కటే పని చేస్తుంది. లివర్ వేస్తే ముందుదీ కలుస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు పాయల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. లివర్ పడిందంటే పళ్ళలో పళ్ళు కలిసిపోయి, ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరిగి తీరాలి.

కానీ బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద వంపులో పోతాయి. లెక్క వేసి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో రెండు ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2.03 మీటర్లు. వెనక ఇరుసు నడిమి భాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో యూటర్న్ తీసుకుందనుకోండి. పైథాగరస్ సూత్రం ప్రకారం ముందు ఇరుసు నడిమి భాగం 5.4 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. యూటర్న్ పూర్తయ్యేసరికి వెనకది 15.7 మీటర్లు నడిస్తే ముందుది దాదాపు 17 మీటర్లు నడవాలి. తేడా ఒకటింపావు మీటరు. షాఫ్టులు రెండూ కలిసి తిరుగుతున్నప్పుడు ఈ ఒకటింపావు మీటరు ఎక్కడికి పోవాలి?

ఏదులాబాద్ చెరువు పక్కన జూలై బురదలో అయితే టైరే కాస్త జారి ఆ తేడాను మింగేస్తుంది. వరంగల్ హైవే తారు మాత్రం టైరును అంత సులువుగా జారనివ్వదు. అప్పుడు ఆ తేడా షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది, తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండినట్టు. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి, లివర్ వెనక్కి రానంటుంది. అలా మలుపు మీద మలుపు తిప్పుతూ పోతే ఎక్కడ బలం తక్కువుందో అక్కడ తెగుతుంది. "ఫోర్ వీల్ గేర్లు నిలబడవు" అనే మాట చాలావరకు ఇలా పుట్టిందే. లివర్ బిగుసుకుంటే బలం కొద్దీ లాగనక్కర్లేదు. నాలుగు గజాలు నేరుగా రివర్సులో పోండి. మెలిక విడిపోతుంది, లివర్ చేతికి తేలిగ్గా వస్తుంది.

జీపును చూసి 1948లో ల్యాండ్ రోవర్ తయారుచేసిన బ్రిటన్ ఇంజినీర్లు ఈ చిక్కుకు చక్కని విరుగుడు ఆలోచించారు. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం ఇస్తూనే, ముందు పాయలో సైకిల్‌కు ఉన్నట్టే ఒక ఫ్రీవీల్ పెట్టారు. మలుపులో ముందు చక్రాలు త్వరగా తిరగాలనుకుంటే వాటిని తిరగనిస్తుంది. ఎందుకోగాని కొన్నేళ్లకే దాన్ని వదిలేసి వాళ్లూ లివర్ పద్ధతికే వచ్చారు. నాకు మాత్రం ఆ ఫ్రీవీల్ అంటే చాలా ఇష్టం.

ఇక నన్ను కట్టిపడేసిన భాగానికి వస్తాను. ట్రాన్స్‌ఫర్ కేసు చాసిస్‌కు బిగించి ఉంటుంది. ఇరుసు కమాను పట్టీల మీద కిందికీ పైకీ ఊగుతుంది. ఒకటి కదలనిది, ఇంకొకటి నిలవనిది. రెంటి మధ్య తిరుగుతూనే వంగే షాఫ్టు కావాలి. ఆ వంపు ఇచ్చేదే యూనివర్సల్ జాయింటు, షెడ్డు భాషలో యూజే క్రాసు. నాలుగు చేతులున్న ఉక్కు ముక్క అది. ఎదురెదురుగా ఉన్న రెండు చేతుల్ని రెండు చెవులున్న ఒక యోక్ పట్టుకుంటుంది, మిగతా రెంటిని ఇంకో యోక్ పట్టుకుంటుంది. ఒక్కో చేతికీ ఒక కప్పు, కప్పులో సన్నని సూది బేరింగులు.

రాబర్ట్ హుక్ 1670ల్లో సూర్యుణ్ణి పరిశీలించే పరికరం గురించి రాస్తూ ఈ కీలును వివరించాడు. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ అనే కార్నెల్ విద్యార్థి 1903లో కార్లకు పనికొచ్చేలా దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా చాలా కార్లకు సైకిల్ లాగా చైనే గతి.

ఈ క్రాసుకు ఒక గుణం ఉంది. తిన్నగా ఉంటే ఇటు ఎంత వేగమో అటూ అంతే. వంగితే మాత్రం ఇటువైపు ఒకే వేగంతో తిప్పినా అటువైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీలు వంగితే ఇటు 100 చుట్ల వేగానికి అటు 98.5 నుంచి 101.5 మధ్య ఊగుతుంది. 30 డిగ్రీలు వంగితే 86.6కు పడిపోయి 115.5కు ఎగబాకుతుంది. జీపు పొట్టి బండి కాబట్టి షాఫ్టు కూడా పొట్టిదే, వంపు ఎక్కువే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో విల్లీస్ వెనక షాఫ్టు నిమిషానికి సుమారు 2,200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 70కి పైగా కుదుపులు.

మరి జీపు నడుస్తుంటే ఆ కుదుపు మనకెందుకు తెలియదు? షాఫ్టుకు రెండు చివర్లా రెండు క్రాసులున్నాయి కాబట్టి. మొదటి క్రాసు వేగం పెంచిన క్షణంలోనే రెండోది తగ్గిస్తుంది. మధ్యలో షాఫ్టు ఊగిసలాడినా, ఇరుసుకు చేరేది మళ్ళీ నిలకడైన వేగమే. దీనికి రెండు షరతులున్నాయి. రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి. షాఫ్టు మీది రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి. ఒక చివర చెవులు నిలువుగా ఉంటే రెండో చివరా నిలువుగానే. తొంభై డిగ్రీలు తప్పితే కుదుపు పోవడం మాట అటుంచి రెట్టింపవుతుంది.

నా బండి గంటకు 50 దాటితే సీటు కింద గుడగుడమని వణికేది. "ఇంజిన్ మౌంటింగులు పోయినయ్ సార్" అని ఒక షెడ్డులో మార్చారు. వణుకు అలాగే ఉంది. "అయితే క్లచ్ ప్లేట్ సార్" అన్నారు. ప్లేటు కొనే ముందు చక్రాలకు అడ్డం పెట్టి కిందికి దూరాను. షాఫ్టు మధ్యలో జారే పళ్ళ జాయింటు ఉంటుంది. కమాన్లు ఊగినప్పుడు షాఫ్టు పొడవు పెరగడానికీ తగ్గడానికీ అది కావాలి. ఎండిన బురద గీకితే దాని రెండు ముక్కల మీదా రెండు బాణం గుర్తులు బయటపడ్డాయి. ఎదురెదురుగా ఉండాల్సిన బాణాలు పక్కపక్కకు తొలగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో షాఫ్టు విప్పి, తిరిగి ఎక్కించేటప్పుడు గుర్తు చూడలేదు. 16 పళ్ళున్న జాయింటులో ఒక్క పన్ను తేడా వచ్చినా 22.5 డిగ్రీలు తప్పినట్టే.

ఎటూ విప్పాల్సిందే కదా అని షాఫ్టును నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ షాపుకు తీసుకుపోయాను. అక్కడి పెద్దాయన సర్‌క్లిప్పులు తీసి, కప్పుల్ని సుత్తితో నెమ్మదిగా కొట్టి, క్రాసును బయటికి లాగాడు. ఒక కప్పులోంచి ఎర్రటి పొడి రాలింది. గ్రీజు ఎండిపోయి ఉక్కు ఉక్కును ఒరుసుకుని తుప్పుగా మారిన పొడి అది. క్రాసు చేతి మీద వరసగా సన్నని గీతలు పడి ఉన్నాయి. గోటితో రాస్తే టకటకా తగిలాయి. అవి సూదుల అచ్చులు. సూది బేరింగు చక్రంలా గుండ్రంగా తిరగదు. షాఫ్టు ఎంత వంగి ఉందో అంత మేరకే ముందుకూ వెనక్కూ కాస్త దొర్లుతుంది. కాబట్టి గ్రీజు తనంతట తాను అన్ని మూలలకూ చేరదు. అందుకే షాఫ్టును పూర్తిగా తిన్నగా బిగించడమూ మంచిది కాదు. సూదులు దొర్లకుండా ఒకేచోట నిలబడి గుంటలు చేస్తాయి. కాస్త వంపు ఉంటేనే క్రాసుకు ఆయుష్షు. ఈ సంగతి తెలిశాక నాకు క్రాసు మీద గౌరవం ఇంకా పెరిగింది.

కొత్త క్రాసు వేసి, బాణాలు కలిపి బిగించడంతో వెనక ఇరుసు కథ సుఖాంతమైంది. ముందు ఇరుసుది ఇంకా గట్టి సమస్య. ముందు చక్రాలు తిరగాలి, అదే సమయంలో పక్కకు మళ్ళాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే వంపు 30 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఇంకో క్రాసు పెట్టి సరిచేద్దామంటే చోటు లేదు. ఒక్క కీలుతోనే వేగం చెదరకుండా పని జరగాలి. దీనికోసం 1920ల్లో పోటాపోటీగా మూడు రకాల కీళ్ళు వచ్చాయి. ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ కలిసి చేసిన ట్రాక్టా, అమెరికాలో కార్ల్ వైస్ రూపొందించగా బెండిక్స్ కంపెనీ తీసుకున్న కీలు, ఆల్ఫ్రెడ్ జెప్పా చేసిన ఆరు ఉక్కు బంతుల కీలు.

మూడింటి వెనకా ఉన్న సూత్రం ఒకటే, అదే అందమైనది. రెండు షాఫ్టులు ఒక కోణంలో కలిశాయనుకోండి. ఆ కోణాన్ని సరిగ్గా సగానికి కోసే తలం ఒకటి ఉంటుంది. బలం ఒక షాఫ్టు నుంచి ఇంకోదానికి చేరే బిందువులు ఎప్పుడూ ఆ తలంలోనే ఉంటే, రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకే ఏర్పాటు ఉంటుంది. ఒకవైపు వేగం పెరిగి ఇంకోవైపు తగ్గడానికి కారణమే మిగలదు. జెప్పా చేసిందల్లా ఆరు బంతుల్ని లోపలి గాడులకూ బయటి గాడులకూ మధ్య పెట్టి, ఒక పంజరంతో అవి ఎప్పుడూ ఆ నడిమి తలంలోనే నిలిచేలా చూడడం. వైస్ కీలులో నాలుగు బంతులు బలం మోస్తాయి. ముందుకు పోయేటప్పుడు రెండు, వెనక్కి పోయేటప్పుడు మిగతా రెండు. జెప్పాలో ఆరూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. అందుకే దానికి బలం ఎక్కువ, ఖరీదూ ఎక్కువే.

యుద్ధకాలపు జీపుల ముందు ఇరుసుల్లో ఈ మూడు రకాలూ వాడారు. ఫ్యాక్టరీలో ఏది దొరికితే అది ఎక్కింది. చివరికి ఎవరు గెలిచారంటే, మీ వీధిలో నిలిపి ఉన్న ఏ ఆల్టోనో స్విఫ్టునో చూడండి. ముందు చక్రం వెనక రబ్బరు బూటు కింద ఉన్నది జెప్పా వంశమే. జీపులో మాత్రం తర్వాతి పౌర నమూనాల్లో చాలావాటికి మామూలు క్రాసే పెట్టారు. చవక, మొండిది, బురదలో టైరు ఎలాగూ జారుతుంది. కాబట్టి ఫోర్ వీల్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చేతికి లయగా కొట్టుకున్నట్టు తగిలితే కంగారు పడకండి. అది ముందు చెప్పిన 86.6, 115.5 లెక్కే.

మిగతా చరిత్ర అందరికీ తెలిసిందే. 1940లో అమెరికా సైన్యం 49 రోజుల్లో నమూనా కావాలంది. చిన్న కంపెనీ బాంటం గీసిచ్చింది, పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ పోయాయి. యుద్ధం అయ్యాక మిగిలిన జీపుల్ని రోడ్డు మీద హాయిగా నడపడానికి 1948లో ఆర్థర్ వార్న్ ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసే హబ్బులు అమ్మాడు. 1940ల చివరి నుంచి బొంబాయిలో మహీంద్రా జీపులు కూర్చింది. అక్కడి నుంచి జీపు తహసీల్దారు ఆఫీసులకూ, పోలీసు స్టేషన్లకూ, ఎన్నికల ప్రచారాలకూ, పాడేరు, అరకు ఏజెన్సీలో జనాన్ని మోసే మహీంద్రా కమాండర్ జీపులకూ విస్తరించింది.

పాత జీపు కొనాలనుకునేవాళ్లు ముందు ఇంజిన్ మోత వినకండి, కిందికి దూరండి. చక్రాలకు అడ్డం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ మెలితిప్పండి. క్రాసు దగ్గర టక్కుమంటే దాని పని అయిపోయింది. కప్పుల అంచున ఎర్రపొడి ఉందేమో చూడండి. పళ్ళ జాయింటు మీద బాణాలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. ఎత్తు పెంచడానికి లిఫ్ట్ కిట్ వేసిన బండైతే రెండు చివర్ల వంపూ సమానంగా ఉందా అని తప్పకుండా కొలిపించండి. క్రాసు నిప్పిల్‌కు గ్రీజు గన్ పెట్టి కొట్టేటప్పుడు నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు కనబడేదాకా ఆపకండి. మూడింట్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే, చెడిపోయేది ఆ నాలుగోదే. నీళ్ళలో దిగి వచ్చిన రోజు ఇంటికి రాగానే మొదటి పని ఈ గ్రీజు కొట్టడమే కావాలి. తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం బురద తిరిగే పాత జీపులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని తుక్కుకు ఇచ్చేముందు ఒక్కసారి క్రాసులు మార్చి, బాణాలు కలిపి నడిపి చూడండి.