చూపు మసక, నోట్లో నురగ: పురుగుమందు నరాలను ఎలా పట్టేస్తుంది?

తాండూరు కందిపప్పు రుచి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 డిసెంబర్‌లో ఆ కందికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అయితే కంది పూతకు, కాయకు వచ్చే రోజులే వికారాబాద్, తాండూరు పొలాల్లో కాయతొలుచు పురుగుకు మందు కొట్టే రోజులు. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి తల తిరుగుతోందని, చూపు మసకగా ఉందని అంటే, ఎండకు అలసిపోయాడులే అనుకుంటాం. ఎండ కాకపోవచ్చు. నరాల మధ్య నడిచే కబురు గాడి తప్పి ఉండొచ్చు.

నరం కబురు ఎలా పంపుతుంది?

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నరాల కణాలు ఉంటాయి. ఒక్కో కణానికి కబురు అందుకునే కొమ్మలు, కబురు పంపే పొడవాటి తోక ఉంటాయి. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న కణం తోక పాదం దాకా వెళ్తుంది. అంటే దాదాపు ఒక మీటరు!

కణం లోపలికీ బయటికీ సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. కబురు రాగానే తోక పొడవునా చిన్న చిన్న తలుపులు వరసగా తెరుచుకుంటాయి. బయట ఉన్న సోడియం లోపలికి దూకుతుంది. నరంలో పారే కరెంటు అంటే ఇదే. వేగంగా పనిచేసే నరాల్లో ఇది సెకనుకు 100 మీటర్లు కూడా దాటుతుంది.

కానీ తోక చివర ఒక సందు ఉంది. మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. అక్కడ కరెంటు ఆగిపోయి, రసాయనం పని మొదలవుతుంది. తోక చివరున్న సన్నని సంచులు పగిలి రసాయనం సందులోకి వస్తుంది, అవతలి కణాన్ని తడుతుంది. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో దీన్ని నిరూపించాడు. ఒక గుండె నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు ఇస్తే, అది కూడా నెమ్మదించింది. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. మన చెయ్యి కదిలినా, నోట్లో ఉమ్మి ఊరినా దాని పనే.

చెప్పడం ఎంత ముఖ్యమో, ఆపడం అంతే ముఖ్యం

చెయ్యి ముడిచాక మళ్లీ చాచాలంటే పాత కబురు చెరిగిపోవాలి. సందులోనే ఉండే ఒక ఎంజైము సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువులను విరగ్గొట్టి ఆ పని చేస్తుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి మందులు ఈ ఎంజైమునే కట్టిపడేస్తాయి. పురుగు చచ్చేది అందుకే. మనిషిలోనూ అదే ఎంజైము ఉంది కాబట్టి ముప్పు కూడా అదే.

ఇక కబురు ఆగదు. చెమట, కన్నీళ్లు, ఉమ్మి కారుతూనే ఉంటాయి. కంటిపాప చిన్నదవుతుంది, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, కండరాలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఊపిరి తీసే కండరాలు అలసిపోతే ప్రాణం మీదకొస్తుంది.

ఇది తాగితేనే వస్తుందనుకోవద్దు. తడిసిన చొక్కా నుంచి చర్మంలోకి కూడా పోతుంది. ఖాళీ డబ్బా కూడా ప్రమాదమే. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు.

ఇంట్లో ఏం చేయాలి?

మందు కొట్టి వచ్చాక ముఖం, చేతులు కడిగితే చాలదు. వజూకు ముందే సబ్బుతో ఒళ్లంతా స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయొద్దు.

లక్షణాలు కనిపిస్తే తడిసిన బట్టలు వెంటనే విప్పి, చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బునీళ్లతో కడగాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకెళ్లాలి, మందు డబ్బా గానీ దాని లేబుల్ గానీ వెంట పట్టుకెళ్లాలి. అది చూస్తే ఏ మందో డాక్టరుకు తెలుస్తుంది.

దవాఖానలో ఇచ్చే అట్రోపిన్, మితిమీరిన అసిటైల్‌కోలిన్ దెబ్బను అడ్డుకుంటుంది. ప్రాలిడాక్సిమ్ కట్టుబడిన ఎంజైమును విడిపించగలదు. కానీ గంటలు గడిచేకొద్దీ ఆ కట్టు గట్టిపడి విడిపించడం కష్టమవుతుంది. పొద్దున చూద్దాంలే అని పడుకోబెట్టకుండా ఆ రాత్రే బయలుదేరాలి.