ఇంటి కార్ఖానాలో రంపపు బల్ల



కొయ్యపని మన సీమకు క్రొత్త కాదు. బందరులోని పాత మండువా లోగిళ్ల ద్వారబంధములు, నాగాయలంక రేవున నిలిచిన పడవలు, పెడన అద్దకమువారి టేకు అచ్చులు, ఇవన్నియు ఉలియు బాడిశయు చేతిరంపమును పట్టిన చేతులు మలచినవే. ఆ చేతులలో ఒకటి రెండు వేళ్లు పొట్టివైన చేతులను గూడ మనము చూచియే యుందుము. గుడివాడలో మాకు తెలిసిన వృద్ధ వడ్రంగి ఒకరుండెడివారు. వారి ఎడమచేతి చూపుడు వ్రేలు సగమే మిగిలినది. "ఏం తాతా, ఉలి తగిలిందా?" అని ఒకనాడు మేమడిగితిమి. "ఉలి తగిలితే తోలు తెగుద్ది బాబూ, వేలు తీసుకుపోయేది మిషనే" అని వారు నవ్వుచు చెప్పిరి. ఆ నవ్వు మాకు నేటికిని జ్ఞాపకమున్నది.

ఇప్పుడా మిషను కోతమిల్లు దాటి ఇంటి వసారాలోనికి వచ్చినది. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలును, ఉత్సాహవంతులైన యువకులును స్వయముగా అలమరలు, బల్లలు చేసికొనవలెనని ముచ్చటపడి రంపపు బల్లను కొనదలచుచుందురు. అట్టివారికి నేడొక ప్రశ్న ఎదురగును. వ్రేలు తగిలినంతనే తానే ఆగిపోవు బ్రేకు గల రంపపు బల్ల యొకటి లోకములో నున్నది. దానికి అధికముగా వ్యయము చేయుట తగునా? ఈ విషయమునే నేడు విచారింతము.

రంపపు బల్ల యనగా ఏమి? సమతలముగా నున్న బల్ల నడుమ సన్నని చీలిక యుండును. బల్ల క్రింద మోటారు, దాని ఇరుసునకు పండ్ల చక్రము. ఆ చక్రము చీలికలోనుండి పైకి తొంగిచూచుచు తిరుగుచుండగా మనము చెక్కను దానిపైకి త్రోయుదుము. చేతిరంపముతో రంపమే కదలును. ఇందు చెక్కతోపాటు మన చేయియే రంపము వైపు కదలును. ప్రమాదమునకు మూలమిదియే.

రంపపు వేగమును కొంచెము లెక్కకట్టి చూతము. పది అంగుళముల చక్రము నిమిషమునకు 4,000 సార్లు తిరుగుచున్నదనుకొందము. దాని అంచు గంటకు ఇంచుమించు 190 కిలోమీటర్ల వేగముతో పరుగిడుచుండును. ఏదో తగిలినదని మనస్సు గ్రహించి చేయి వెనుకకు లాగికొనుటకు ఎంత చురుకైనవానికిని పావు సెకను పట్టును. ఆ పావు సెకనులో చక్రము 16 సార్లకు పైగా తిరుగును. దానికి 40 పండ్లున్నచో, 660కి మించిన పండ్లు ఆ వ్రేలి మీదుగా దాటిపోవును. "జాగ్రత్తగా నుందును" అను మాట ఇచ్చట చాలదని ఈ లెక్కయే చెప్పుచున్నది. అమెరికాలో రంపపు బల్లల చక్రము తగిలి ఏటా దాదాపు 30,000 మంది ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చుచున్నారని అక్కడి వినియోగ వస్తు భద్రతా కమిషను 2017 నాటి పత్రములలో అంచనా వేసినది. వారిలో అనుభవజ్ఞులును ఉందురు.

ఈ చిక్కునకు 1999లో ఒక ఉపాయము కనుగొన్నవాడు అమెరికా దేశీయుడగు స్టీవ్ గాస్. ఆయన భౌతికశాస్త్రము చదివినవాడు, పేటెంటు న్యాయవాది. తీరిక వేళల కొయ్యపని చేయువాడు. ఆయన స్థాపించిన 'సాస్టాప్' సంస్థ యంత్రములు 2004 నుండి విక్రయమునకు వచ్చినవి. ఉపాయము వినుటకు సులభమే. రంపపు చక్రముపై అతి స్వల్పమైన విద్యుత్ సంకేతమును ఎల్లప్పుడు నిలిపియుంచుదురు. ఎండిన కొయ్య విద్యుత్తును గ్రహింపదు. మానవ శరీరములో నీరును లవణములును ఉన్నందున అది గ్రహించును. చర్మము చక్రమునకు తగిలినంతనే ఆ సంకేతము క్షీణించును. యంత్రము దానిని గుర్తించి, బిగించియున్న స్ప్రింగును పట్టియుంచిన సన్నని తీగను విద్యుత్తుతో కాల్చివేయును. స్ప్రింగు విడివడి అల్యూమినియపు దిమ్మను పండ్లలోనికి నెట్టును. పండ్లు ఆ మెత్తని లోహములో గ్రుచ్చుకొని చక్రము నిలిచిపోవును. ఆ ఊపుతోనే బల్ల క్రిందికి దిగిపోవును. ఇదంతయు సెకనులో 200వ వంతు కాలములో ముగియును. సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున కదలుచున్న చేయి అంతలో జరుగునది ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. వ్రేలు పోవలసినచోట చిన్న గాటుతో సరిపోవును.

అయితే బ్రేకు ఒకసారి పనిచేసిన తరువాత ఆ దిమ్మ గల కాట్రిడ్జిని మార్చవలెను. చక్రము సైతము ప్రాయికముగా పాడగును. కాట్రిడ్జి ఖరీదు అమెరికాలోనే సుమారు 100 డాలర్లు. కావున అనవసరముగా బ్రేకు పడుట ఖర్చుతో కూడిన పని. మన డెల్టాలో దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. ఆరని కొయ్య విద్యుత్తును గ్రహించును. దివిసీమలో వానకారున కోసిన మామిడి చెక్కనో, తుమ్మ దుంగనో పచ్చిగా బల్లపై పెట్టినచో, రంపము దానిని వ్రేలని భ్రమపడవచ్చును. కొయ్యను ముందుగా నీడలో, వరుసకు వరుసకు నడుమ సన్నని కమ్మెలు పెట్టి, గాలి తగులునట్లు పేర్చి ఆరనీయవలెను. ఎండిన చెక్క వంకరపోదు కనుక ఈ ఓపిక వస్తువునకును మేలే.

రెండవది, మేకుల సంగతి. పాత ఇండ్లు విప్పినపుడు వచ్చు టేకు దూలములు, తలుపు చెక్కలు మన ప్రాంతమున ఎంతో విలువైనవి. వానిలో తుప్పుపట్టిన మేకులు దాగియుండును. మేకు చక్రమునకు మాత్రమే తగిలినచో బ్రేకు సాధారణముగా పడదు; ఆ మేకు బల్ల యినుమునకో, మన చేతికో కూడ తగులుచున్నచో పడును. ఏ విధముగనైనను పండ్లు చెడును. అయస్కాంతముతో చెక్కనంతటిని తడవి చూచి, మేకులు తీసిన తరువాతనే కోయవలెను. తడి కొయ్య తప్పనిసరిగా కోయవలసినచో బ్రేకును తాత్కాలికముగా నిలుపుటకు యంత్రములో తాళపుచెవి యేర్పాటు కలదు. కాని ఆ కొద్దిసేపు రక్షణ లేదని మరువరాదు.

బ్రేకు కాపాడలేని ప్రమాదము మరియొకటి కలదు. చక్రము వెనుక భాగపు పండ్లు క్రిందినుండి పైకి లేచుచుండును. కోసిన చెక్క ముడుచుకొని ఆ పండ్లను పట్టినచో, అవి చెక్కను లేపి కోయువాని పొట్ట వైపునకే విసరును. చర్మము తగులలేదు గనుక బ్రేకునకు ఈ సంగతి తెలియదు. దీనిని నివారించునది చక్రము వెనుకనే నిలబడి కోత మూసికొనిపోకుండ పట్టియుంచు ఉక్కు రేకు. దానిని రైవింగ్ నైఫ్ అందురు. అది లేని రంపపు బల్లను, బ్రేకు ఉన్నను సరే, కొనవలదని మా సలహా. చెక్కకు ఎదురుగా గాక ఒక ప్రక్కగా నిలబడుటయు, చివరి జానెడు చెక్కను చేతితో గాక తోపుడు కర్రతో త్రోయుటయు అలవాటు చేసికొనవలెను. చేతితొడుగులు ధరింపరాదు, పండ్లు వానిని పట్టి చేతిని లోనికి లాగును.

చిన్న ముక్కల విషయమై ఒక మాట. పెడన అచ్చుకు కావలసిన దిమ్మ అరచేతిలో ఇమిడిపోవును. అంత చిన్న ముక్కను రంపపు బల్లపై కోయుట అన్నిటికంటె అపాయకరము. పొడవైన చెక్కగా నున్నపుడే కొలతకు కోసి, తుది ముక్కను చేతిరంపముతో వేరుచేయుట ఉత్తమము.

ఇక కొనుట. దుకాణదారుని ఈ ప్రశ్నలు అడుగుడు. యంత్రము మన 230 వోల్టుల, 50 సైకిళ్ల విద్యుత్తునకు చేసినదేనా? అమెరికా గృహములకై చేసిన 120 వోల్టుల యంత్రము ఎవరో బంధువు పంపినను మన ఇంట నేరుగా పనికిరాదు. బ్రేకు కాట్రిడ్జి ఎక్కడ దొరకును, ఎన్ని దినములలో వచ్చును? అది దొరకక యంత్రము మూలబడినచో పెట్టిన సొమ్ము వృథా. ఏ కొలత చక్రమునకు ఏ కాట్రిడ్జి? రైవింగ్ నైఫ్, పై గార్డు యంత్రముతోనే ఇత్తురా? మూడు పిన్నుల ప్లగ్గునకు సరియైన ఎర్తింగు మీ ఇంటనున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుడు. బందరు ఉప్పుగాలికి పోత ఇనుప బల్ల త్వరగా త్రుప్పుపట్టును గనుక దానిపై మైనము పూయుచుండవలెను.

అంత సొమ్ము లేనివారు ఏమి చేయవలెను? కొందరు రాతిపలకలు కోయు చేతిమిషనును తలక్రిందులుగా ప్లైవుడ్డు బల్లకు బిగించి రంపపు బల్లగా వాడుచున్నారు. దానికి గార్డు లేదు, రైవింగ్ నైఫ్ లేదు. ఆపుటకు చేయి బల్ల క్రిందికి పోవలెను. చౌకగా కనిపించు ఈ యుపాయమును మేము ఎంతమాత్రము సమ్మతింపము. దానికంటె పెద్ద కోతలను గుడివాడలోనో బందరులోనో కోతమిల్లునందు కోయించుకొని, మిగిలిన పని ఇంటివద్ద చేతిరంపముతో, చిత్రికతో ముగించుట మేలు. నడిమి మార్గము కోరువారు బ్రేకు లేకున్నను రైవింగ్ నైఫ్, గార్డు, అందుబాటులో పెద్ద స్విచ్చి గల యంత్రమును కొని నియమము తప్పక వాడుకొనవచ్చును. ఇంట పిల్లలు తిరుగుచున్నను, పలువురు ఆ యంత్రమును వాడుచున్నను, బ్రేకు గల యంత్రమే తగినదని మా యభిప్రాయము. ఒక కాట్రిడ్జి, ఒక చక్రము పోయినచో మరల కొనవచ్చును.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమలో తుఫాను రక్షణ భవనములు కట్టిరి. అవి తుఫానును ఆపలేవు. ఏడాదిలో ఎన్నో దినములు ఖాళీగానే యుండును. ఆ సొమ్ము దండుగయని దివిసీమలో ఎవరును అనరు. రంపపు బ్రేకును గూడ అట్లే తలపవలెను. అది పనిచేయవలసిన దినము రాకుండుటయే మన కోరిక. వచ్చినచో ఆ దినమున అది సిద్ధముగా నుండవలెను. ఆ గుడివాడ తాత ఉలి పట్టుకొనుటకు మిగిలిన వ్రేళ్లతో ఏండ్ల తరబడి ఎట్లు శ్రమపడినదియు మేము కన్నులార చూచితిమి. ఆ శ్రమ మీ యింట ఎవరికిని రాకుండుగాక.